నాలుగో అంతస్తు కుళాయి, నేను తేల్చేసిన మాట

నేను ఇంటర్ వరకే చదివాను. ఆ తర్వాత చదువుకున్నదంతా ప్రగతి నగర్‌లో మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న శాఖా గ్రంథాలయం పుణ్యమే. ఈ సంగతి ఎవరైనా అడిగితే చెబుతాను, అడక్కపోయినా చెబుతాను. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పని దొరికి మా నాన్న మమ్మల్ని కృష్ణా జిల్లా నుంచి తీసుకొచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మా ఇంట్లో పుస్తకమంటే పంచాంగం, గ్యాస్ బుక్కు, అంతే. గ్రంథాలయంలో తెలుగు బీరువాలు అయిపోయాక ఇంగ్లీషు బీరువా ముందు కుర్చీ వేసుకున్నాను. పక్కన లావుపాటి నిఘంటువు పెట్టుకుని, పేజీకి అరగంట చొప్పున చదువుతూ పోయాను. నాకు ఇంగ్లీషు ఎవరూ నేర్పలేదు. అందుకే నాకొచ్చిన ఇంగ్లీషంతా నా సొంత ఆస్తిలా అనిపించేది.

ఆ ఇంగ్లీషే ఉద్యోగం ఇప్పించింది. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్న భవనాన్ని శుభ్రంగా, సవ్యంగా ఉంచే కాంట్రాక్టు నన్ను పెట్టుకున్న సంస్థది. కింద లాబీ పక్కన హెల్ప్‌డెస్క్‌లో నేను కూర్చుంటాను, పొద్దున ఏడు నుంచి నాలుగు దాకా. నాకు సెలవు శనివారం, ఆదివారం డ్యూటీ ఉంటుంది. ఏసీ చల్లగా లేకపోయినా, లిఫ్టు ఆగిపోయినా, బాత్రూంలో సబ్బు అయిపోయినా ఫోన్ నాకే వస్తుంది. మనిషిని పంపడం ఒక పని. జరిగినదాని మీద ఇంగ్లీషులో రిపోర్టు రాయడం రెండో పని. మొదటిది ఎవరైనా చేస్తారు. రెండోదాన్ని డెస్క్‌లో మిగతావాళ్ళు సంతోషంగా నాకు వదిలేసేవారు. నాకు ‘డిక్షనరీ అక్క’ అని పేరు పెట్టారు. అది వెక్కిరింపే గానీ, వినడానికి నాకు బాగానే ఉండేది.

రిపోర్టులో ముందు ఏం జరిగిందో రాయాలి, తర్వాత ఏం కనిపించిందో రాయాలి, అడుగున ఎందుకు జరిగిందో రాయాలి. మొదట్లో నేను వెళ్ళాను, చూశాను, తడిగా ఉంది అనే అర్థం వచ్చే చిన్న చిన్న ఇంగ్లీషు మాటలతో రాసేదాన్ని. రాసి చదువుకుంటే మూడో తరగతి పిల్ల వ్యాసంలా ఉండేది. ఇన్నేళ్ళు గ్రంథాలయానికి తిరిగి రాసేది ఇదా అని సిగ్గేసేది. అందుకని, నచ్చిన మాటలు ఎక్కించుకునే నా ఎర్ర అట్ట నోటుపుస్తకం తీశాను.

అందులో ఇన్ఫర్, డిడ్యూస్, కన్‌క్లూడ్ మూడూ ఒకే పేజీలో ఉండేవి. ఎదురుగా నిఘంటువు చూసి రాసుకున్న అర్థాలు: ఊహించు, నిర్ణయించు, తేల్చు. మూడింటికీ ఇంచుమించు అవే అర్థాలు, వరస మాత్రం అటూ ఇటూ మారింది. ఒకే మనిషికి మూడు చీరలు అనుకున్నాను. సోమవారం ఒకటి కట్టించేదాన్ని, మంగళవారం ఇంకొకటి. లిఫ్టు ఆగిందంటే, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అని ఇన్ఫర్ చేసేదాన్ని. వైరు తెగిందంటే, ఎలుక కొరికిందని డిడ్యూస్ చేసేదాన్ని. ఆ ఎలుకను నేను గానీ ఇంకెవరు గానీ చూసిన పాపాన పోలేదు. ఒక్కోసారి కొత్తగా ఉంటుందని, ఎవరి కార్డుతో ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుందో మిషను రాసుకునే లాగ్ ఫలానా విషయాన్ని ఇన్ఫర్ చేస్తోందని కూడా రాసేదాన్ని. కన్‌క్లూడ్‌ను మాత్రం పట్టుచీరలా మడిచి దాచాను, ఏదైనా పెద్ద సందర్భానికి తీయొచ్చని.

ఆ సందర్భం ఒక సోమవారం పొద్దున వచ్చింది.

ఏడుంబావుకి మూడో అంతస్తు నుంచి ఫోన్. టెస్టింగ్ గదిలో సీలింగ్ నుంచి నీళ్ళు కారుతున్నాయని, బల్ల మీద వరసగా పెట్టిన ఫోన్లన్నీ తడిసిపోయాయని. నాలుగో అంతస్తుకు పరుగెత్తాను. టీ పెట్టుకునే ప్యాంట్రీ గదిలో సింకు మీది కుళాయి ధారగా పోతోంది. సింకు రంధ్రంలో టీ పిప్పి అడ్డుపడి, నీళ్ళు అంచు దాటి, నేలంతా నిండి, కారిడార్‌లో కార్పెట్ దాకా పోయాయి. కుళాయి నేనే కట్టేశాను.

ఎలా జరిగిందో తెలుసుకోవడం కష్టం కాలేదు. ఆదివారం ట్యాంకర్లు ఆలస్యమై పైన ట్యాంకు ఎండిపోయింది. ఆ పగలంతా పై అంతస్తుల్లో నీళ్ళు లేవు, నేరుగా మున్సిపాలిటీ లైను ఉన్న కింది అంతస్తులో మాత్రం వచ్చాయి. సాయంత్రం ట్యాంకర్లు వచ్చాక మోటారు వేశారు. ఎండాకాలంలో మా కాలనీలో ప్రతి ఇంట్లోనూ ఒకసారైనా జరిగేదే ఇది. కుళాయి తిప్పుతాం, చుక్క రాదు, విసుక్కుంటూ అలాగే వదిలేసి వెళ్ళిపోతాం. తర్వాత మనం లేనప్పుడు నీళ్ళొస్తాయి.

మరి తిప్పింది ఎవరు? నాలుగో అంతస్తు తలుపు కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. సీలింగ్ పని జరుగుతోందని ఆ అంతస్తులో కెమెరాలు విప్పి పెట్టారు. సెక్యూరిటీ గది నుంచి ఆదివారం లాగ్ తెప్పించాను. రోజంతటికీ ఒకే ఒక్క కార్డు. అది హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఒకావిడది. నా వయసే ఉంటుంది. ఆదివారాలు ఆ అంతస్తు తుడిచేది ఆవిడే.

ఇంతకన్నా ఏం కావాలి? కూర్చుని రాశాను. కుళాయి, టీ పిప్పి, ట్యాంకర్లు, లాగ్, అన్నీ వరసలో పెట్టాను. అడుగున, ఆధారాలన్నీ పరిశీలించిన మీదట కుళాయి తెరిచి వదిలేసింది హౌస్‌కీపింగ్ మనిషేనని కన్‌క్లూడ్ చేస్తున్నాను, అని ముగించాను. రెండుసార్లు చదువుకున్నాను. వాక్యం నిటారుగా నిలబడింది.

మా మేనేజర్ గారిది కడప వైపు. పదకొండు గంటలకు ఫోన్ చేశారు.

“ఏమ్మా, ఈ తూరి రిపోర్టు బలే రాసినావే. సూటిగా ఉండాది. ఎప్పుడూ ఇట్లే రాయి.”

ఆయన స్క్రీన్ మీద రూట్ కాజ్, అంటే అసలు కారణం, అని ఒక పెట్టె ఉంటుంది. ఒక్క వాక్యమే పడుతుంది అందులో. నా రిపోర్టుల్లో చివరి వాక్యాన్ని తీసి ఆయన అందులో అతికిస్తారు. పైవాళ్ళు చదివేది ఆ పెట్టె ఒక్కటే. ఈ సంగతి నాకు తెలుసు. ఎలుకల విషయంలో, లిఫ్టుల విషయంలో దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

మంగళవారం పొద్దున మెట్రో దిగి వచ్చేసరికి ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. భుజాన సంచి, చేతిలో టిఫిన్ డబ్బా. కార్డు పెడుతుంటే ఎర్ర లైటే వెలుగుతోంది.

“అక్కా, జర చూడు. నా కార్డుకు ఏమైందో ఏమో, లోపలికి పోనిస్తలేడు.”

“బ్లాక్ చేసిన్రక్కా. పైకెళ్ళి మెయిల్ వచ్చింది. నేనేం చెయ్యాలె?” అన్నాడు గార్డు.

“ఎందుకు చేసిన్రు?” ఆవిడ నన్నే అడిగింది.

చెప్పాను. నీళ్ళు కారిన సంగతి, లాగ్ సంగతి. రిపోర్టు రాసింది నేనేనని కూడా చెప్పాను. అప్పటికి అందులో దాచుకోవలసింది ఏదీ నాకు కనబడలేదు.

“నేను నల్ల తిప్పంగ నువ్వు చూసినవా?”

“చూడలేదు.”

“ఇంకెవరన్న చూసిన్రా?”

“లేదు.”

“మరెట్ల రాసినవ్?”

“లాగ్‌లో నీ కార్డు ఒక్కటే ఉంది కదక్కా. దాన్నిబట్టి రాశాను.”

“కార్డు పోయి నల్ల తిప్పుతదా?”

గార్డు పక్కకు తిరిగి నవ్వాడు. నాకు చురుక్కుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

“పైన నీళ్ళు లేవని నాకు ముందే ఎరుక. కిందికెళ్ళి బకెట్ల కొద్ది మోసుకపోయి ఆ ఫ్లోరంత తుడిచిన. నీళ్ళు రాని నల్లతోని నాకేం పని? గిది ఒక్కరన్న అడిగిన్రా నన్ను?”

అడగలేదు. సోమవారం ఆవిడకు సెలవు. ఫోన్ చేసి అడగవచ్చునని నాకు తట్టనేలేదు.

“ఇంకోటి. ఆ దినం నువ్వు గూడ వచ్చినవ్ గద నా ఎనకాలనే, బాటిల్ పట్టుకొని.”

“నేనా?”

“నువ్వే. జామకాయ ఇయ్యలే నీకు? ఉప్పు కారం పొట్లం గూడ ఇచ్చిన.”

జామకాయ గుర్తుంది. కానీ ఆదివారాలన్నీ ఒకలాగే ఉంటాయి. “అది అంతకు ముందు వారం అనుకుంటానక్కా,” అన్నాను.

“ఏమో మరి. నాకైతే మొన్ననే అనిపిస్తుంది. చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.” టిఫిన్ డబ్బా ఇంకో చేతిలోకి మార్చుకుని, “నువ్వు తిప్పినవని నేనంటలేను. నేను చూడలే. ఆ దిక్కు కారిడార్‌ల తుడుస్తున్న,” అంది.

ఆవిడను పంపే ఏజెన్సీ సూపర్‌వైజర్‌కు అప్పటికే ఫోన్ చేసిందట. వచ్చే సోమవారం దాకా చూస్తామని, ఆలోగా కార్డు తెరవకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటామని చెప్పాడట. ఆ మాట నాకు చెప్పి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, బస్టాపు వైపు వెళ్ళిపోయింది.

ఆ రోజంతా డెస్క్‌లో నాకు బుర్ర పనిచేయలేదు. ఒకటో అంతస్తు వాళ్ళు ఏసీ పనిచేయడం లేదంటే లిఫ్టు మెకానిక్‌ను పంపాను. లాగ్ నిజం. కార్డు నిజం. నీళ్ళు నిజం, టీ పిప్పి నిజం. నేను రాసిన ప్రతి ముక్కా విడివిడిగా చూస్తే నిజమే. అన్నీ నిజాలే అయినప్పుడు, కలిపి రాసిన మాట తప్పు ఎలా అవుతుంది? అసలు అది తప్పేనా? ఆవిడ తిప్పలేదని మాత్రం ఎవరు చూశారు? ఎటు నుంచి ఆలోచించినా తిరిగి అక్కడికే వస్తున్నాను.

సాయంత్రం నేరుగా గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడి గ్రంథపాలకుడు రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దమనిషి. నేను స్కూలు గౌనులో వచ్చిన రోజుల నుంచి ఎరుగుదురు.

“ఏంది బిడ్డా, మొఖం గట్లున్నది?”

నోటుపుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. ఈ మూడూ ఒకటేనా, వేరా అని అడిగాను. ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని పేజీ చూశారు.

“నిఘంటువు మాటకు మాట ఇస్తది గని, దాంతోని ఎంత దూరం పోవచ్చో చెప్పదమ్మ. ఉండు.” లోపలికి వెళ్ళి, అట్ట ఊడిపోయిన ఒక పాత ఇంగ్లీషు పుస్తకం తెచ్చారు. ఏ మాట ఎక్కడ వాడాలో చెప్పే పుస్తకం అది. “దీన్ని ఎవ్వరు తీస్కపోరు. నువ్వన్న చదువు.”

కిటికీ పక్కన కూర్చుని చదివాను. కొంత అర్థమైంది, కొంత కాలేదు. నాకు తెలిసినంతలో అందులో ఉన్నది ఇది. వస్తువులు, కాగితాలు, జరిగిన సంగతులు ఒక అర్థాన్ని సూచిస్తాయి, అది ఇంప్లై. మెల్లగా ఒక వైపు మొగ్గు చూపితే సజెస్ట్. వాటిని చూసి మనిషి మనసులో ఒక ఊహకు వస్తే ఇన్ఫర్. కాబట్టి లాగ్ దేన్నీ ఇన్ఫర్ చేయలేదు, దానికి మనసు లేదు. ఏడాదిగా నేను ఆ మాట రాస్తున్నాను, ఒక్కరూ పట్టుకోలేదు. డిడ్యూస్ అనాలంటే, ముందు చెప్పినవి నిజమైతే ఇది నిజం కాక తప్పదు, వేరే దారి లేదు అన్నంత గట్టిగా ఉండాలి. కన్‌క్లూడ్ అంటే, ఉన్న దారులన్నీ చూశాక ఆలోచన ఆపి తలుపు వేసేయడం.

ఆ లెక్కన నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా డిడ్యూస్ చేయలేదు. ఎలుక దగ్గర నుంచి అన్నీ ఊహలే. నోటుపుస్తకంలో ఆ పేజీ చూస్తుంటే ఎవరో వేరే మనిషి రాసినట్టు అనిపించింది. అయితే అంతటితో నా అయోమయం తీరలేదు, ఇంకా పెరిగింది. మాట ఏదో తెలిసింది, సరే. మరి ఆదివారం నాలుగో అంతస్తులో నేను ఉన్నానా, లేనా?

ఇంటికి వచ్చి భుజాన వేసుకునే బట్ట సంచి మంచం మీద కుమ్మరించాను. దువ్వెన, మెట్రో కార్డు, రసీదులు, అడుగున ఒక న్యూస్‌పేపర్ పొట్లం. విప్పితే ఉప్పూ కారమూ. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుమ్ము వచ్చింది. ఆ సంచిని శనివారం నేనే సబ్బు పెట్టి ఉతికాను, తిరగేసి బాల్కనీలో ఆరేశాను. శనివారం దాంట్లో ఏమీ లేదు. కాబట్టి ఆ పొట్లం శనివారం తర్వాతే వచ్చింది. సోమవారం ఆవిడ పనికి రాలేదు. ఆదివారం తప్ప వేరే రోజు లేదు.

నా జన్మలో మొట్టమొదటి డిడ్యూస్ అది. ఉబ్బిపోవలసింది. మంచం మీద అలాగే కూర్చుండిపోయాను.

ఆ పొట్లాన్ని పట్టుకుని కొంచెం కొంచెంగా వెనక్కి వెళ్ళాను. డెస్క్ దగ్గర మంచినీళ్ళ క్యాను అయిపోయింది. నాలుగో అంతస్తు ప్యాంట్రీలో నీళ్ళ ఫిల్టర్ ఉంటుందని బాటిల్ తీసుకుని వెళ్ళాను. తలుపు దగ్గర ఆవిడ కార్డు పెడుతూ నన్ను చూసి, ‘రా అక్కా’ అని తలుపు పట్టుకుంది. ఆదివారాలు అందరమూ అలాగే వెళ్తాం. ఒకరు కార్డు పెడితే ఇద్దరు ముగ్గురు లోపలికి నడుస్తారు. ఎదుటి మనిషి ముఖం మీద తలుపు వేసేసి నీ కార్డు నువ్వు పెట్టుకో అనడం మా వాళ్ళలో మర్యాద కాదు. అందుకే లాగ్‌లో నేను లేను. లాగ్‌లో లేను కాబట్టి అక్కడ లేననే అనుకున్నాను, నేనే.

ఫిల్టర్‌లో నీళ్ళు రాలేదు. జామకాయను చున్నీకి తుడుచుకుని తిన్నాను, అది బాగా గుర్తుంది. పైన నీళ్ళు లేవని నాకు అప్పటికి తెలియదు, ఆదివారం ఎవరూ ఫోన్ చేయలేదు. జామకాయ కడుక్కోకుండా తినే అలవాటు నాకు లేదు. మరి చున్నీకి ఎందుకు తుడిచాను? సింకు దగ్గరకు వెళ్ళి కుళాయి తిప్పి, రాకపోతేనే కదా తుడిచి ఉంటాను? లేదా, ఫిల్టరే రావడం లేదు, సింకులో ఏం వస్తుందిలే అనుకుని తిప్పకుండానే తుడిచానా? తిప్పితే, మళ్ళీ కట్టేశానా?

వంటింట్లోకి వెళ్ళి మా కుళాయి ముందు నిలబడ్డాను. తిప్పాను, కట్టాను. మళ్ళీ తిప్పాను. చెయ్యి రెండు పనులనూ ఒకేలా చేస్తోంది. ఏది చేసినట్టు దానికి గుర్తుందో నాకు చెప్పడం లేదు.

బుధవారం ఏమీ చేయలేదు. గురువారమూ చేయలేదు. నేనూ కాంట్రాక్టు మనిషినే. ఇంకొకరి కార్డు మీద లోపలికి వెళ్ళడం ఎంత తప్పో గోడ మీద అంటించిన నోటీసును ఇంగ్లీషులోకి మార్చింది నేనే. రాయకపోతే ఎవరికీ తెలియదు. ఆవిడ చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు? లాగ్‌లో నేను లేను కదా. ఆ ఆలోచన వచ్చినప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది, ఎందుకంటే అచ్చంగా ఆ లాగ్‌తోనే ఆవిడ సంగతి తేల్చాను.

శుక్రవారం పొద్దున ఆవిడకు ఫోన్ చేశాను.

“అక్కా, మళ్ళీ రాస్తున్నాను. నువ్వు తలుపు పట్టుకుంటే నేను లోపలికి వచ్చానని రాయాల్సి వస్తుంది. దానికి నిన్ను కూడా ఏమైనా అంటారేమో.”

“అననీ. తలుపు వట్టిన మాట నిజమే గద. చేసింది రాయి, పడతా. చెయ్యంది రాస్తెనే మండుతది.” తర్వాత గొంతు తగ్గించి, “నీ నౌకరికి ఏం కాదు గద?” అంది.

“తెలియదు.”

“మరి జర ఆలోచించుకొని రాయి.”

ఆలోచించుకునే రాశాను. మూడో తరగతి పిల్లలా రాశాను. ఆదివారం మధ్యాహ్నం నేను నాలుగో అంతస్తుకు వెళ్ళాను. ఆవిడ కార్డు పెట్టింది, నేను వెనక వెళ్ళాను, నా కార్డు పెట్టలేదు. ఆవిడ కుళాయి తిప్పడం నేను చూడలేదు. ఆవిడ కింద నుంచి బకెట్లతో నీళ్ళు తెచ్చానని చెప్పింది, నేను అడగకుండానే మొదటి రిపోర్టు పంపాను. ఒకేఒక చోట డిడ్యూస్ వాడాను, సంచి గురించి. ఒక చోట ఇన్ఫర్ వాడాను, బహుశా కుళాయి తిప్పింది నేనే అయి ఉండవచ్చునని. కట్టానో లేదో నాకు గుర్తు లేదని రాశాను. కన్‌క్లూడ్ జోలికి పోలేదు. ఈసారి చివరి వాక్యం నిటారుగా నిలబడలేదు.

మేనేజర్ గారు ఫోన్ చేయలేదు. మనిషిని పంపి గదికి పిలిపించారు.

“ఏందిమ్మా ఇది? సంచి ఉతకడమేంది, జామకాయేంది? రిపోర్టా ఇది, పోలీస్ స్టేషన్లో స్టేట్‌మెంటా?”

“జరిగింది రాశానండి.”

“నీ గురించి నువ్వే ఇన్ఫర్ చేసుకుంటావా? నువ్వు చేసినావో లేదో నీకే తెలీదా?”

“గుర్తు లేదండి. అందుకే ఆ మాట రాశాను.”

“గుర్తు లేకుంటే గమ్మునుండల్ల. నిన్నెవరు అడిగినారు?” ఆయన స్క్రీన్ నా వైపు తిప్పారు. రూట్ కాజ్ పెట్టె ఖాళీగా ఉంది. “ఇప్పుడు దీంట్లో నేనేం పెట్టల్ల? నువ్వే చెప్పు.”

“తెలియలేదు అని పెట్టండి.”

“తెలీదని పెడితే పైనోళ్ళు నన్ను నిలదీస్తారమ్మా.”

“తెలియకుండానే తెలిసిందని పెట్టి ఆవిడ కార్డు ఆపేశారు కదండీ.”

“పెట్టింది నేనా? రాసింది ఎవరు?”

తల వంచుకున్నాను. ఆయన నా రిపోర్టు మళ్ళీ మొదటి నుంచి చదివారు, ఈసారి పూర్తిగా. ఆయన నా రిపోర్టు పూర్తిగా చదవడం నేను చూసింది అదే మొదటిసారి.

“నువ్వు కార్డు లేకుండా పోయినావంటే, ఇంకొకరు కూడా పోయుండొచ్చు.”

“పోయుండొచ్చండి. పోయారని కాదు.”

“చాల్లేమ్మా, నాకు తలనొప్పి పుట్టించినావు,” అన్నారాయన. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, “నిజంగానే గుర్తు లేదా?” అని మామూలు గొంతుతో అడిగారు.

“నిజంగానే లేదండి.”

సోమవారం పొద్దున ఆవిడ కార్డుకు పచ్చ లైటు వెలిగింది. నేను గార్డు పక్కనే నిలబడి చూశాను. పెట్టెలో చివరికి, కారణం తెలియలేదు, కుళాయిలు మార్చాలి అని పెట్టారట. తలుపు పట్టుకున్నందుకు ఆవిడను నోటితో మందలించారు. నాకు మెమో ఇచ్చారు, రిపోర్టులు రాసే పని నా నుంచి తీసేశారు. ఇప్పుడు నా పక్క సీటు అమ్మాయి రాస్తోంది. వెళ్ళాను, చూశాను, తడిగా ఉంది అని రాస్తుంది. మొదట్లో ఆ వాక్యాలు చూస్తే చెయ్యి దురద పెట్టేది, రెండు మాటలు మారుద్దామని. ఎర్ర అట్ట నోటుపుస్తకంలో ఆ పేజీ మాత్రం కొట్టేసి, నాలుగు పేజీలకు విస్తరించి మళ్ళీ రాసుకున్నాను. గ్రంథపాలకుడికి చూపిస్తే, “శభాష్ బిడ్డా. ఎందుకడిగినవో ఇప్పుడన్న చెప్పు,” అన్నారు. చెప్పాను. ఆయన నోటుపుస్తకం మూసి నా చేతిలో పెట్టారు. తర్వాత, “ఆ తుడిచే బిడ్డకు నౌకరి దొరికిందా మల్ల?” అని అడిగారు. మాటల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ తర్వాతి ఆదివారం క్యాను మళ్ళీ అయిపోయింది. బాటిల్ తీసుకుని నాలుగో అంతస్తుకు వెళ్ళాను. ఆవిడ తలుపు దగ్గరే ఉంది, బకెట్‌తో. కార్డు పెట్టి లోపలికి వెళ్ళింది. అలవాటు కొద్దీ తలుపు పట్టుకోబోయి వదిలేసింది. నేను నా కార్డు పెట్టాను.

“అబ్బో, లాగ్‌లకు ఎక్కినవ్ పో,” అంది.

కొంగున కట్టుకున్న జామకాయ తీసి ఇచ్చింది. ప్యాంట్రీలోకి వెళ్ళాను. కుళాయిలు మార్చాలన్నారు గానీ ఇంకా మార్చలేదు, అదే పాత కుళాయి. తిప్పితే ఈసారి నీళ్ళొచ్చాయి. జామకాయ కడుక్కున్నాను, బాటిల్ నింపుకున్నాను, తింటూ కారిడార్‌లోకి వచ్చాను.

ఆవిడ తుడుపు ఆపి నా వైపు చూసింది.

“నల్ల బంద్ చేసినవా?”

“చేశాను.”

“చూసినవా?”

చేతిలో సగం కొరికిన జామకాయతో ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాను. తర్వాత వెనక్కి తిరిగి చూడటానికి వెళ్ళాను.